ఊరికే వచ్చిన పాటలు

మదనపల్లె బస్టాండు దగ్గర నేను ఏళ్ల తరబడి ఇడ్లీ తింటున్న హోటల్లో ఈ మధ్య చట్నీకి ఒక నియమం పుట్టింది. గోడ మీద ఎర్ర పెయింటుతో ‘చట్నీ ఫ్రీ’ అని ఇప్పటికీ ఉంది. పోయిన వారం మూడోసారి చెనిక్కాయల (వేరుశనగల) చట్నీ అడిగితే, వడ్డించే మనిషి నా ముఖం చూడకుండా ప్లేటు చూసి, “ఫ్రీ అంటే ఇడ్లీ ఉండేదాకా సారూ. మీ ఇడ్లీ అయిపోయి శానా సేపైంది” అన్నాడు. న్యాయమే. ఆ మాట కూడా గోడ మీద రాసి ఉంటే నేను ఇడ్లీని ఇంకాస్త పొదుపుగా తినేవాణ్ని.

నా ఉద్యోగమంతా ఇంచుమించు ఇదే. ఫ్రీ అని రాసిన గోడ దగ్గర నిలబడి, రాయని మిగతా సగం ఏమిటో కనుక్కోవడం.

నేను కాలేజీ లైబ్రేరియన్ని. మదనపల్లెలో చేరి, పుంగనూరు మీదుగా కుప్పం పోయి అక్కడ రిటైరయ్యాను. మ్యాపులో చూస్తే పెద్దగా ఎక్కడికీ పోయినట్టు కనబడదు. పోలేదు కూడా. పుస్తకాల గురించి చెప్పడానికి నాకంటే పెద్దవాళ్లున్నారు. నేను చెప్పేది లైబ్రరీలో మూల గది గురించి, అక్కడుండే పాటల గురించి. సినిమా పాట కానిదాన్ని, బజార్లో దొరకనిదాన్ని, దొంగతనం చేయకుండా, బడ్జెట్టు లేకుండా సంపాదించడం ఎట్లా అన్నది ఆ గదిలో నా పని. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా తెలివికంటే నా తప్పులే ఎక్కువ పనికొస్తాయి. వాటిలో పెద్దది ముందే చెప్పేస్తాను. పుంగనూరు దగ్గర పల్లెలో మునెమ్మ అనే ఆమె పాడిన ఒక పాటను, చనిపోయిన ఆమె బిడ్డ పేరున్న పాటను, నాది కాకపోయినా లోకమంతటికీ దానం చేశాను. పాటకోసం పడిన పాట్లు చాలామంది రాశారు. నేను దాన్ని వెనక్కి తేవడానికి పడినవి రాస్తున్నాను.

నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం

తొంభైల మొదట్లో మదనపల్లెలో మా ఆడియో గదికి రెండు టేప్ రికార్డర్లుండేవి. ఒకటి పాడేది. రెండోది క్యాసెట్‌ను వెనక్కి తిప్పడం మాత్రం చేసేది. మొదటిదానికి ఆ పని రాదు కాబట్టి రెండూ అవసరమే. మా ప్రిన్సిపాల్ లెక్కల మనిషి. సంగీతం మీద ఆయనకున్న అభిప్రాయం ఒక్కటే, అది ఆఫీసు గది దాకా వినబడకూడదు.

పిల్లలు మాత్రం వింత వింతవి అడిగేవాళ్లు. కర్ణాటక అంచు పల్లెలనుంచి వచ్చినవాళ్లకు వాళ్ల అవ్వలు పాడే కన్నడ పదాలు కావాలి. మిషన్ ఆసుపత్రి వైపు పిల్లలకు చర్చిలో పాత మెట్లమీద పాడే తెలుగు కీర్తనలు కావాలి. ఇంకొకడికి తత్వాలు. ఇవేవీ దుకాణంలో దొరకవు. దొరికేది రికార్డింగ్ సెంటర్లో. అప్పటి పద్ధతి తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ తీసుకుపోయి ఇస్తే, సెంటరతను ఎక్కడెక్కడివో పట్టుకొచ్చి నింపి మర్నాడు ఇస్తాడు. అది తప్పని ఊళ్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అరవై నాలుగు క్యాసెట్లు నింపించి, ఒక్కోదానికీ నంబరు వేసి, కాలేజీ ముద్ర కొట్టి, వరసగా సర్దాను. ముద్ర చాలా నీటుగా పడింది.

తనిఖీకి వచ్చిన బృందంలో ఒక పెద్దావిడ ఉంది. ఆమె కూడా లైబ్రేరియనే. మిగతావాళ్లు ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగుతుంటే ఆమె నేరుగా మూల గదికి వచ్చింది.

“వీటికి బిల్లులు?”

“ఉన్నాయి మేడమ్. రికార్డింగ్ చార్జీల బిల్లులు.”

“దొంగ గుడ్డకు దర్జీ కూలి బిల్లు చూపిస్తున్నావయ్యా.”

“అందరూ ఇట్లాగే చేస్తారు మేడమ్.”

“అందరి రిజిస్టర్లో నీ సంతకం లేదు. దీంట్లో ఉంది.”

రిపోర్టులో ఆమె ఏమీ రాయలేదు. అరవై నాలుగూ చెరిపెయ్యమని మాత్రం చెప్పి పోయింది. ఇప్పుడైతే ఒక్క నొక్కుడు. అప్పుడు తొంభై నిమిషాల క్యాసెట్ చెరపాలంటే తొంభై నిమిషాల నిశ్శబ్దాన్ని దాని మీద రికార్డు చేయాలి. మాకున్నది పాడే మిషను ఒక్కటే. మూడు వారాల పైన పట్టింది. సరిగ్గా చెరిగిందో లేదో అని హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఒక డిగ్రీ అమ్మాయి తలుపు దగ్గర ఆగి అడిగింది:

“ఏం వింటాండారు సార్?”

“ఏమీ లేదమ్మా.”

“ఏమీ లేనిదాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకోని వింటాండారా?”

ఆ మూడు వారాల్లో నాకు పట్టుదల లాంటిదేదో వచ్చింది. మా గదిలోకి వచ్చే ప్రతి పాటా పాడినవాళ్లకు తెలిసి రావాలి. ఇది గొప్ప ఆశయమేమీ కాదు. మళ్లీ చెరిపే ఓపిక లేదు, అంతే.

ఆ తరవాత చాలా ఏళ్లు పాట కావాలంటే పాడినవాళ్ల దగ్గరికే పోయాను. జాతరలో హరికథ చెప్పే ఆయన తన క్యాసెట్లు తానే సంచిలో వేసుకుని అమ్ముతాడు. చర్చి బృందాలు కానుక పెట్టె పక్కన పెట్టి ఇస్తాయి. బజారు ధరలో సగం కూడా ఉండదు, పైగా పాడినాయన మీకు మజ్జిగ ఇస్తాడు. చవగ్గా, న్యాయంగా పాట సంపాదించే మొదటి దారి ఇప్పటికీ ఇదే. ఇంటర్నెట్ వచ్చాక మజ్జిగ ఒకటి తగ్గింది.

తెర వెనక సారు

పుంగనూరుకు బదిలీ అయ్యేనాటికి కొత్త శతాబ్దం వచ్చింది, కంప్యూటర్ మాత్రం మా లైబ్రరీకి రాలేదు. పాల కేంద్రం వీధిలో సుధాకర్ అనే అతను నెట్ సెంటర్ పెట్టాడు. ఆరు కంప్యూటర్లు, ఒక్కోదానికి ప్లైవుడ్ అడ్డం, ముందర పూల తెర. కాలేజీ వదిలాక సాయంత్రాలు నేనూ ఒక తెర వెనక కూర్చునేవాణ్ని. నలభై దాటిన మనిషి, చెవులకు హెడ్‌ఫోన్, తెర మూసి, గంటలకు గంటలు. ఊళ్లో నా గురించి ఏమనుకున్నారో నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పారు.

“సారూ, ఒక మాట అడగొచ్చునా?” అన్నాడు సుధాకర్ ఒకరోజు. “ఏం సూస్తారు మీరు రోజూ?”

“చూడను. వింటాను.”

“ఏం ఇంటారు?”

“మంచు దేశంలో ఒకాయన హార్మోనియం లాంటిది వాయిస్తాడు. అది దిగుతూ ఉంది. ఇంకా పావు వంతే వచ్చింది.”

అతను తెర పక్కకు తీసి చూసి, నిజంగానే పావు వంతు గీత కనబడితే, ఏదో నిరాశపడినట్టే పోయాడు. మూడు నిమిషాల పాట దిగడానికి నలభై నిమిషాలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మొదటికి. పుంగనూరులో కరెంటుకు సంగీతం పడదు.

మొదట్లో నేను చేసిన తప్పు అందరూ చేసేదే. ‘ఫ్రీ మ్యూజిక్’ అని కొట్టి, పైన వచ్చిందల్లా నొక్కాను. అట్లాంటి సైట్లలో పాట ఎవరిది, ఎవరు పెట్టారు, ఎందుకు ఊరికే ఇస్తున్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబుండదు. రెండో వారానికి సుధాకర్ నా తెర దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మీ పాట పాడిందో లేదో తెలీదు గానీ సారూ, నా కంప్యూటర్లు ఆరూ పాడైనాయి.”

వైరస్. నెల రోజులు నన్ను రానివ్వలేదు. రానిచ్చాక కూడా మూలనున్న ఆరో కంప్యూటరే ఇచ్చేవాడు, కుష్టు రోగికి ఇచ్చినట్టు.

ఆ నెలలో కాగితం పెన్ను పెట్టుకుని ఆలోచించాను. నెట్లో న్యాయంగా ఊరికే దొరికే పాటలు మూడు రకాలని తేలింది. ఒకటి, గడువు తీరిన పాత రికార్డులు. మన చట్టంలో రికార్డుకు అరవై ఏళ్లు. కానీ తొందరపడకూడదు. రికార్డు గడువు వేరు, అందులో పాట రాసినవాడి గడువు వేరు. రెండూ తీరాలి. రెండు, చేసినవాళ్లే తమ ఇష్టంతో పెట్టినవి. పెద్ద కంపెనీలు తీసుకోనివాళ్లు, తీసుకుంటామన్నా ఇవ్వనివాళ్లు. కొత్త సంగీతమంతా ఇక్కడే ఉంటుంది. మూడు, విశ్వవిద్యాలయాలూ భాండాగారాలూ పెట్టే పల్లె పాటలు. వీటిలో చాలావాటిని అక్కడ కూర్చుని వినొచ్చు, ఇంటికి తెచ్చుకోకూడదు. వినొచ్చు, దింపుకోవచ్చు, పంచొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు. ఇవి ఐదు వేరు వేరు మాటలు. ఒకటి ఇచ్చినవాడు ఐదూ ఇచ్చినట్టు కాదు. ఈ ఒక్క వాక్యం మీకు గుర్తుంటే మిగతాది చదవకపోయినా ఫరవాలేదు.

షరతుల చీటీ

మంచు దేశపు హార్మోనియం ఆయన తన పేజీ కింద రాసుకున్నాడు: పంచుకోండి, నా పేరు చెప్పండి, అమ్మకండి. లైబ్రరీకి సీడీ చేసి పెట్టుకోవడం పంచుకోవడమే కదా అని అనుకోవచ్చు. నేను అనుకోలేదు. ఉత్తరం రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. “తప్పకుండా. మీ ఊరు మ్యాపులో వెతికాను, దొరకలేదు. అయినా ఫరవాలేదు.”

అడగడానికి భయపడకండి. బజారులో పేరున్నవాళ్లకు రాస్తే వాళ్ల వకీలు జవాబిస్తాడు. పేరులేనివాళ్లకు రాస్తే వాళ్లే ఇస్తారు. ఒకామె అయితే తన సీడీ పోస్టులో పంపించింది. అట్టపెట్టె మా ఆఫీసులో మూడు రోజులు ఎవరూ విప్పలేదు, విదేశం నుంచి వచ్చింది గనక ఏమైనా ఉంటుందని.

అప్పుడు ఒక పద్ధతి పెట్టాను. మా గదిలో ప్రతి సీడీకి లోపల ఒక చీటీ. పాడింది ఎవరు, ఇచ్చింది ఎవరు, ఆ ఐదు మాటల్లో వేటికి ఒప్పుకున్నారు, ఏ రోజు అడిగాను. చీటీ లేని సీడీ అరలోకి పోదు. మా ప్రిన్సిపాల్ కొడుకు పెళ్లి పాటల సీడీ కూడా చీటీ లేదని వెనక్కి ఇచ్చాను. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు కాస్త ఆలస్యమైంది, రెండింటికీ సంబంధం ఉండకపోవచ్చు.

పిల్లలు వచ్చి వినేవాళ్లు. ఆఫ్రికా డోళ్లు విని ఒకడు, “ఇది మా ఊర్లో జాతరకు కొట్టే పలకల మాదిరే ఉండాది సార్, వాళ్లు మనోళ్లేనా?” అని అడిగాడు. అంతకంటే మంచి సంగీత విమర్శ నేను తరవాత ఎక్కడా చదవలేదు.

ఆ చీటీల పెట్టె చూసుకుని నాకు కొంచెం గర్వం వచ్చింది. తప్పు సరిగ్గా అక్కడ మొదలైంది.

మునెమ్మ

లోకం దగ్గర ఇన్నేళ్లు ఊరికే తీసుకున్నాం, మనం కూడా ఏదైనా ఇవ్వాలి కదా అనిపించింది. పుంగనూరు దగ్గర పల్లెలో మునెమ్మ అనే ఆమె కలుపు పాటలు బాగా పాడుతుందని మా అటెండరు చెప్పాడు. చెనిక్కాయ చేలో ఆడవాళ్లు వరసగా కూర్చుని కలుపు తీస్తూ ముందుకు జరుగుతుంటారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే ఆమె మునెమ్మ. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. మనిషి సన్నం, గొంతు మాత్రం రెండు చేల అవతలికి వినబడుతుంది.

కాలేజీ రికార్డర్ తీసుకుని మధ్యాహ్నం పూట వాళ్ల వాకిట్లో కూర్చున్నాను. పదకొండు పాటలు పాడింది. అందులో ఒకటి మిగతావాటి మాదిరి కాదు. నిదానంగా, చేలో కంటే ఇంట్లో పాడే పాట మాదిరి ఉంది. ‘లెయ్యవే లచ్చుమీ, పొద్దెక్కిపాయె’ అని మొదలు. అది పాడాక ఆమె లేచి లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది. ఎండ కదా అనుకున్నాను.

అన్నీ అయ్యాక అడిగాను: “మునెమ్మక్కా, ఈ పాటలు నెట్లో పెడతాను. దేశంలో అందరూ వింటారు. ఊరికే ఇచ్చినట్టేనా?”

“ఊరికే పాడిందే కదప్పా. పెట్టుకో.”

కాగితం తీశాను. ఐదు మాటల్లో ఐదింటికీ టిక్కు పెట్టాను. ఎవరైనా, ఏ పనికైనా, అమ్ముకోవడానికైనా. ఇతరుల సొత్తు మీద నాకు ఎప్పుడూ ఉదారబుద్ధే. ఆమె సంతకం చేసింది. నేను ముద్ర కొట్టాను.

తెలుగులో ‘ఊరికే’ అనే మాట ఎంత ప్రమాదమో లైబ్రేరియన్ల శిక్షణలో చెప్పరు. నేనన్న ఊరికే, డబ్బు లేకుండా. ఆమె అన్న ఊరికే, ఏదో తోచి, పని లేక, నువ్వు కూర్చున్నావని. ఊరికే వచ్చినా, ఊరికే కూసున్నా, ఊరికే ఏడుపొచ్చింది అంటామే, ఆ ఊరికే. ఇద్దరమూ ఒకే మాట అన్నాం. ఒప్పందం మాత్రం జరగలేదు. ఇంగ్లీషు కాగితంలో ఐదు షరతులు చదివిన నేను, తెలుగులో ఒక్క మాట సరిగా చదవలేకపోయాను.

పదకొండు పాటలూ ఒక పెద్ద ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాను. రిజిస్టర్లోనూ, ఆ భాండాగారం పేజీలోనూ ఒక్కో పాటకూ ఒక వాక్యం రాశాను. లచ్చుమి పాటకు రాసింది ఇది: ‘లక్ష్మీదేవిని మేల్కొలిపే పాట. విభాగం: భక్తి.’

ఆటో

రెండేళ్ల తరవాత, నేను కుప్పంలో ఉండగా ఫోనొచ్చింది. మునెమ్మ ఇంటి పక్కవాళ్ల సెల్లు. హలో కూడా అనలేదు ఆమె.

“సారూ, నా బిడ్డను ఆటోలో తిప్పుతాండారు.”

“ఎవరిని అక్కా? ఎవరు?”

“లచ్చుమి సారూ. నా బిడ్డ. ఎనిమిదేండ్లప్పుడు జరమొచ్చి సచ్చిపాయె. ఆ పాట దానిదే. పొద్దున్నే లేపేదానికి పాడతా ఉణ్ణింటి. ఇప్పుడు మైకు పెట్టి ఊరంతా తిప్పుతాండారు. పిలకాయలు నన్ను సూసి ‘పడుకో లచ్చుమీ’ అంటాండారు. ఆపు సారూ.”

మర్నాడే పుంగనూరు బస్సెక్కాను. ఆటో కోసం వెతకాల్సిన పని లేకపోయింది. బస్టాండులో దిగుతుంటేనే వినబడింది. మునెమ్మ గొంతు, కింద డ్రమ్ములు. ‘లెయ్యవే లచ్చుమీ, పొద్దెక్కిపాయె...’ అని ఆమె అనగానే ఒక మగ గొంతు నవ్వుతూ అందుకుంటుంది: “నువ్వు పడుకో లచ్చుమీ! కలుపు సంగతి మేం చూసుకుంటాం!” తరవాత కలుపు మందు పేరు.

రాసినవాడు చెడ్డవాడు కాదు. కలుపు పాట, కలుపు మందు, సరిపోయింది అనుకున్నాడు. లచ్చుమి ఎవరో అతనికి తెలియదు. తెలియాలంటే నేను రాసిన వాక్యం చూడాలి, అందులో లక్ష్మీదేవి ఉంది.

ఆ ప్రకటన తయారైంది మదనపల్లెలో ఒక చిన్న స్టూడియోలో. పెట్టుకున్నాయన పేరు గిరి. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. విషయం చెబితే సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. భాండాగారం పేజీ, ప్రింటు తీసింది. కింద నా పేరు.

“ఏ పనికైనా వాడుకోవచ్చునని మీరే కదా సార్ రాసింది. నేను దొంగ పాట వాడను. మాకు మీ మాదిరి నీట్‌గా కాగితం పెట్టేవాళ్లు దొరకరు సార్.”

నన్ను అంత గౌరవంగా ఎవరూ తిట్టలేదు.

వెతుకులాట

ముందు భాండాగారానికి రాశాను. అనుమతి తప్పుగా తీసుకున్నాను, తప్పు నాది, పాట తీసేయండి అని. వాళ్లు ఒకే ప్రశ్న వేశారు. పాడినామెకు షరతులు ఆమె భాషలో చదివి వినిపించారా? ‘లేదు’ అని రాశాను. నా సర్వీసులో అంత చిన్న జవాబు ఇంకెప్పుడూ ఇవ్వలేదు. నాలుగో రోజుకు ఆ పాటతోపాటు మిగతా పదీ తీసేశారు. కానీ తీసేముందు ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే దారి ఆ షరతుల్లో లేదు. గిరి వాడటం ఇంకా న్యాయమే. కోర్టుకు పోతే నా సంతకం మీద నేనే దావా వేయాలి.

గిరి దగ్గరికి మళ్లీ పోయాను. మూడోసారి కూడా పోయాను. నాలుగోసారి పోతే టీ రాలేదు, మాట వచ్చింది.

“సార్, వారంలో కొత్త ఊర్లకు సీడీలు పోవల్ల. ఆయమ్మ గొంతు తీసేస్తే ఆడ ఏం పెట్టేది? పాట కొనేదానికి కంపెనీ ఇంగో పైసా ఇయ్యదు. మీకు తెలిసిన పనే కదా, ఇంగొకటి ఊరికే తెచ్చీండి. న్యాయంగా ఉండల్ల. వారంలోపల.”

చూశారా, పదేళ్లుగా నేను నేర్చుకున్న పని ఒక కలుపు మందు ప్రకటనకు అవసరమైంది. కుప్పం కాలేజీలో అప్పటికి కంప్యూటర్ గది ఉంది. ఐదు సాయంత్రాలు కూర్చున్నాను. వ్యాపారానికి ఒప్పుకోవాలి, మార్చడానికి ఒప్పుకోవాలి, ఊపు ఉండాలి, మనిషి గొంతు ఉండకూడదు. నలభై దాకా విన్నాను. ముప్పై ఐదింటికి ‘అమ్మకండి’ అని ఉంది. మిగిలిన ఐదింటిలో ఇద్దరి పేజీలు చచ్చిపోయాయి. ముగ్గురికి రాశాను. షరతు ఒప్పుకుంటున్నా సరే, దేనికి వాడతారో పూసగుచ్చినట్టు రాశాను. ఒకాయన వెంటనే జవాబిచ్చాడు. “విషానికి నా సంగీతమా? వద్దు.” దండం పెట్టుకున్నాను. చట్ట ప్రకారం ఆయన వద్దనలేడు. కానీ అడిగాక వద్దంటే వద్దే. రెండో ఆయన అసలు పలకలేదు. మూడో ఆయన కంప్యూటర్ మీదే బాజాలు చేసే మనిషి. “ఏ పనికైనా అనే రాశాను, ఆ మాటకు అర్థం నాకు తెలుసు” అన్నాడు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

గిరి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. “దీంట్లో మనిషి గొంతు లేదే సార్.”

“అందుకే తెచ్చాను.”

కాసేపు ఆలోచించి, లచ్చుమి పేరు కూడా తీసేసి, “నువ్వు పడుకో రైతన్నా” అని మార్చాడు. రైతన్న ఎవరూ ఫోన్ చేయలేదు.

పుంగనూరు ఆటోలో సీడీ మారింది, పాతది నా చేతికొచ్చింది. వాల్మీకిపురం వైపు ఒక ఆటోలో పాతది మిగిలిందని తెలిస్తే ఆదివారం పోయి, సంతలో పట్టుకుని, డ్రైవరు చేతికి కొత్తది ఇచ్చి పాతది తీసుకున్నాను. అతను కొత్తది పెట్టి విని మొహం చిట్లించాడు.

“ఇదేం బాగలేదు సారూ. ఆయమ్మ గొంతే బాగుండె.”

“తెలుసప్పా” అన్నాను.

రెండోసారి అడగడం

మునెమ్మ వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు వలుస్తూ ఉంది. నేను తెచ్చిన పాత సీడీలు రెండూ ఆమె ముందర చాప మీద పెట్టాను. ఆటోలు మారాయని, నెట్లోంచి తీసేశారని చెప్పాను.

“అంతా తీసేసినట్టేనా?”

“నాకు తెలిసినంత మటుకు అక్కా. ఈ రెండేళ్లలో ఎవరైనా దింపుకుని ఉంటే అది నా చేతిలో లేదు.”

ఆమె కాయలు వలిచింది. నేను కొత్త కాగితం తీశాను. ఈసారి తెలుగులో రాసింది. మిగతా పది పాటలకు ఒక్కో మాటా విడివిడిగా చదివాను. వినొచ్చునా? దింపుకోవచ్చునా? పంచొచ్చునా?

“ఇనొచ్చు. పిలకాయలకు ఇయ్యొచ్చు. మా పాటలు మారిస్తే బాగుండవు. అమ్మేది వద్దు. మందులోళ్లకైతే అసలే వద్దు.”

ఆమె చెప్పినట్టే రాశాను, ఆమె మాటల్లోనే. నా సర్వీసులో అంత స్పష్టమైన షరతులు ఏ దేశంనుంచీ రాలేదు. ఇప్పటికీ కుప్పం కాలేజీలో ఆ పది పాటల సీడీ లోపల ఆ చీటీయే ఉంది. మీలో ఎవరైనా అక్కడ చేరితే తీసి చూడండి. చీటీ అంటే అట్లా ఉండాలి.

“లచ్చుమి పాట మాత్రం ఎక్కడా పెట్టను అక్కా” అన్నాను. “రిజిస్టర్లో కూడా కొట్టేశాను.”

ఆమె ఒక సీడీ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, అద్దంలో మాదిరి తన ముఖం కనబడితే కాసేపు చూసుకుంది. దాన్ని చాప మీద పెట్టి, చేతులు దులుపుకుని, నా వైపు తిరిగింది.

“ఆ పొద్దు నేను నీల్లు తాగేదానికి లోపలికి పోతినే. వచ్చినాక లచ్చుమి ఎవురని ఒక్క మాట అడిగింటే, నీ సొమ్మేం పోయుండును సారూ?”